దుప్పటికి అటు చివర

మా లాండ్రీలో కొత్తగా పనిలో చేరినవాళ్ళకి సబ్బుపొడి ఎక్కడుంటుందో చూపించే లోపే పెద్దమ్మ గురించి చెప్పేస్తారు. ఎక్కువగా చెప్పేది క్యాంటీను ఆమె. గొంతు తగ్గించినట్టే తగ్గించి, చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినపడేలా చెబుతుంది.

"ఆ మూల బల్ల దగ్గర ఎడమ చేతికి గ్లౌజు వేసుకుని దుప్పట్లు మడతపెడుతుందే, ఆవిడతో కాస్త జాగ్రత్త. చూడ్డానికి దేవుడి మనిషి. ఆదివారం వస్తే తెల్లచీర, చంకలో వాక్యం పుస్తకం. లోపలున్న పగ మాత్రం మామూలుది కాదమ్మా. తన వేళ్ళు పోగొట్టిన మనిషిని పనిలోంచి తీసెయ్యబోతే వద్దని అడ్డం పడింది. ఎందుకనుకున్నావు? ఎదురుగా నిలబెట్టుకుని కాల్చుకు తినడానికి. చివరికి ఒకరోజు అందరి ముందూ గ్లౌజు పీకేసి, ఆ మొండి చెయ్యి తీసుకెళ్ళి ఆవిడ మొహం ముందు పెట్టింది. పాపం, ఆవిడ అక్కడికక్కడే కూలబడిపోయింది. ఎవరో చెప్తే విన్నది కాదు. ఈ కళ్ళతో చూశాను."

ఆమె చూసిన మాట నిజమే. ఆ రోజు టీ గ్లాసుల ట్రే పట్టుకుని మా గుమ్మంలో నిలబడి ఉంది. ఇంతలో క్యాంటీనులో పాలు పొంగుతున్నాయని ఎవరో కేకేస్తే, ట్రే అక్కడే కిందపెట్టి పరుగెత్తింది. ఆమె చూసింది అంతవరకే. మిగతాది నేను చూశాను.

మాది ఆసుపత్రి లాండ్రీ. భవనానికి అడుగున, నేల లోపల ఉంటుంది. గోడలకి పైన, కప్పు దగ్గర, చిన్న కిటికీలు ఉంటాయి. అందులోంచి వీధిలో నడిచేవాళ్ళ చెప్పులే కనిపిస్తాయి, మొహాలు కనిపించవు. లోపల ఎప్పుడూ ఆవిరి. ఒక పక్క ఉతికే మెషీన్లు, ఇంకో పక్క చిరుగులు కుట్టే కుట్టుమెషీను, మధ్యలో రోలరు. రోలరంటే ఆవిరితో కాగే పెద్ద ఇనుప డ్రమ్ము. తడి దుప్పటిని ఇటు నుంచి పెడితే అటు నుంచి ఇస్త్రీ అయి, చెయ్యి పెట్టలేనంత వేడిగా బయటికి వస్తుంది. అటు ఇద్దరు నిలబడి అందుకుని మడతపెట్టాలి.

మడతపెట్టడం ఒక్కరివల్ల అయ్యే పని కాదు. చెరో రెండు మూలలు పట్టుకుని వెనక్కి నడవాలి. ఒక్కసారి గట్టిగా దులపాలి. తమ చేతిలో ఉన్న మూలలు తాము కలుపుకుని, మళ్ళీ ఒకరి వైపు ఒకరు నడవాలి. దగ్గరికి వచ్చాక ఒకరు తమ మూలల్ని ఎదుటివాళ్ళ చేతుల్లో పెట్టి, కిందకి వేలాడే మడతని వంగి అందుకోవాలి. మళ్ళీ వెనక్కి. మళ్ళీ ముందుకి. ప్రతి దుప్పటికీ ఇద్దరి చేతులూ కలవక తప్పదు.

పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. పెదనాన్న ఇదే ఆసుపత్రిలో లిఫ్టు నడిపేవాడు. ఆయన పోయాక పెద్దమ్మకి ఇక్కడ పని ఇచ్చారు. అమ్మ పోయాక నేను తొమ్మిదో తరగతి మధ్యలో ఆపేసి ఆవిడ దగ్గరికి వచ్చాను, తర్వాత ఇదే లాండ్రీలో చేరాను. సైకిల్ షాపు మీద రెండు గదులు మావి. లాండ్రీలో దుప్పటి మడత నేర్చుకున్నవాళ్ళంతా ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళే. "మడత విప్పినవాడికి నిన్న ఇందులో ఎవరు పడుకున్నారో గుర్తు రాకూడదు" అనేది. ఏ పనైనా మొదలుపెడితే వదలదు. అందుకే ఆవిడ వెనకాల "పట్టిన మూల వదలని మనిషి" అని నవ్వుకునేవాళ్ళు. ఎదురుగా అన్నా ఆవిడ ఏమీ అనుకునేది కాదు. "వదిలితే కిందపడేది దుప్పటే కదే, మళ్ళీ ఉతకాల్సింది మనమే కదా" అనేది.

ఆవిడకి ఎదురుగా ఏళ్ళ తరబడి నిలబడింది రేడియో పిన్ని. అది ఆమె పేరు కాదు. పొద్దున లోపలికి వచ్చింది మొదలు సాయంత్రం చెప్పులు వేసుకునేదాకా మాట్లాడుతూనే ఉంటుందని అలా పిలిచేవాళ్ళు. పిలిస్తే పలికేది కూడా. భర్త లేడు, పిల్లలు లేరు, ఒంటరి గది. పొద్దంతా మాట్లాడుకోకపోతే ఆమెకి రాత్రి గోడలతో మాట్లాడాల్సి వస్తుందని పెద్దమ్మ అనేది.

"అక్కా, మా పైవాటా ఆయన గురక పెడితే కింద నా గిన్నెలు కదులుతున్నాయి. రాత్రి మూత పడింది. దొంగ వచ్చాడనుకుని గరిట పట్టుకుని కూర్చున్నాను."

"ముందు మూల పట్టుకో. గరిట తర్వాత పట్టుకుందువు."

"పట్టుకున్నానక్కా. ఆయన భార్యకి ఎట్లా నిద్ర పడుతుందో అని..."

"ఆవిడ పెట్టే గురక నీకు వినపడట్లేదేమో. నడువు."

ఇలా సాగేది.

రోలరుకి ముందు అడ్డంగా ఒక ఇనుప కమ్మీ ఉండేది. దానికి చెయ్యి తగిలితే మెషీను ఆగిపోతుంది, చెయ్యి తీసేదాకా మళ్ళీ కదలదు. చిక్కేమిటంటే ఆ కమ్మీకి ఉబ్బిన దుప్పటి తగిలినా మెషీను ఆగిపోతుంది. పని పేరుకుపోయిన రోజుల్లో ఎవరో ఒకరు ఆ కమ్మీని పైకెత్తి గుడ్డపీలికతో కట్టేసేవాళ్ళు. కట్టినవాళ్ళు పక్కవాళ్ళకి చెప్పాలన్నది మాలో కట్టుబాటు. ఇంకోటి కూడా ఉండేది. ఎర్ర బటన్ నొక్కి మెషీను ఆపినవాళ్ళే పచ్చ బటన్ నొక్కాలి.

ఆ రోజు దుప్పట్లు ట్రాలీల్లో గుట్టలు పడితే, రోలరులో పెట్టే వైపు కూడా వాళ్ళిద్దరే నిలబడ్డారు. ఒక దుప్పటి డ్రమ్ము అంచున ముద్దగా చుట్టుకుంది. పెద్దమ్మ ఎర్ర బటన్ నొక్కి, ఎడమ చెయ్యి లోపలికి పెట్టి సర్దుతోంది. రేడియో పిన్ని అటు తిరిగి వెనకున్నవాళ్ళకి ఏదో చెబుతూ నవ్వుతోంది. నవ్వుతూనే ఇటు తిరిగింది, ఆగిన మెషీను చూసింది, మోచేత్తో పచ్చ బటన్ నొక్కింది. అది ఆమెకి అలవాటు. కమ్మీ దించి ఉన్నప్పుడు ఆ అలవాటువల్ల ఎవరికీ ఏమీ కాలేదు.

పెద్దమ్మ ఎడమ చేతి చివరి రెండు వేళ్ళూ పోయాయి. మిగిలిన అరచెయ్యి కాలింది. మెకానిక్ వచ్చి అందరినీ బయటికి పంపి, కట్టిన పీలికలు కోసి, కమ్మీ ఊడదీసి, చెయ్యి బయటికి తీశాడు.

తర్వాత పైఅధికారులు వచ్చి అడిగితే రేడియో పిన్ని ఒక్కటే చెప్పింది. "పచ్చ బటన్ నేనే నొక్కాను. తప్పు నాదే." అడిగినవాళ్ళకి అంతకంటే అక్కర్లేకపోయింది. పెద్దమ్మ అప్పటికి పై అంతస్తులో, మేం ఉతికిన దుప్పట్లలోనే పడుకుని ఉంది.

ఆవిడ తిరిగి పనిలోకి వచ్చిన రోజు సూపర్వైజరు కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"ఆమెని మురికిబట్టలు వేరుచేసే చోట పెట్టాను. నెలాఖరుకి పంపించేస్తారట. అప్పటిదాకా నీ కంట పడకుండా చూస్తాను."

"నా ఎదురుగా ఆమెనే పెట్టండి" అంది పెద్దమ్మ.

"ఎందుకమ్మా. చూసినప్పుడల్లా పుండు రేగినట్టుంటుంది."

"మూడు వేళ్ళతో మూల ఎట్లా పట్టుకోవాలో నేను నేర్చుకోవాలి. మూల ఎట్లా అందించాలో కొత్తవాళ్ళకి నేర్పుతూ కూర్చునే ఓపిక నాకు లేదు. ఆమె అడుగు నాకు తెలుసు, నా అడుగు ఆమెకి తెలుసు. లేదంటే నన్నూ పంపించెయ్యండి."

సూపర్వైజరు మెత్తని మనిషి. ఎవరైనా గట్టిగా అంటే సరేననేస్తాడు. సరేనన్నాడు, పైవాళ్ళనీ ఒప్పించాడు.

ఎదురుగా పెట్టమందని అందరికీ తెలిసింది. ఏం చెప్పి పెట్టించిందో నాకు తప్ప ఎవరికీ తెలియలేదు. పుకారు పుట్టింది అక్కడే.

ఆ పొద్దున పెద్దమ్మ బల్ల దగ్గరికి వచ్చి రేడియో పిన్నితో "సమాధానం, చెల్లీ" అంది. మేం ముగ్గురం ఒకే చర్చికి వెళతాం. అక్కడ శాంతిని ఆ మాటతోనే చెబుతారు. ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ముందు పక్కనున్నవాళ్ళ రెండు చేతులూ పట్టుకుని ఆ మాట అనాలి. మనసులో ఏదైనా ఉంటే అక్కడ తేల్చుకుని ముందుకి వెళ్ళాలని దాని అర్థం. పెద్దమ్మ అన్నది ఆ అర్థంతోనే. రేడియో పిన్ని తల ఊపింది. నోరు విప్పలేదు. దుప్పటి మూలలు అందుకుంది.

ఆ తర్వాత వాళ్ళ మధ్య రేడియో మోగలేదు.

అందరం వట్టి చేతులతో పనిచేస్తాం. పెద్దమ్మ మాత్రం ఎడమ చేతికి మందపాటి తెల్ల గ్లౌజు వేసుకునేది. కొత్త చర్మం వేడికి ఓర్చుకోదు, అది నిజమే. కానీ ఆవిడ ఆ గ్లౌజు బస్సులోనూ తీసేది కాదు, చర్చిలోనూ తీసేది కాదు. ఇంట్లో కూడా అన్నం తినేటప్పుడు ఎడమ చెయ్యి ఒళ్ళో కొంగు కింద ఉంచుకునేది. నాకు జడ వెయ్యడం మాత్రం మానలేదు. దీపం తగ్గించి వేసేది. కొన్నాళ్ళు నా జడ ఎటు చూసినా వంకరే. పనిలో ఎవరైనా నవ్వితే నేనే వేసుకున్నానని చెప్పేదాన్ని.

గ్లౌజుకి ఐదు వేళ్ళు, చేతికి మూడు. ఖాళీగా ఉన్న రెండూ వేలాడేవి. మూలలు కలిపేటప్పుడు అవి దుప్పటి మడతలో ఇరుక్కునేవి. పెద్దమ్మ లాక్కుంటే మడత చెదిరేది. ఎదురుగా నిలబడినవాళ్ళు ఆ రెండు ఖాళీ వేళ్ళనీ చూడకుండా ఉండలేరు. రేడియో పిన్ని చూడటం మానేసింది. కళ్ళు నేలమీద పెట్టి నడిచేది. మూలలు ఇచ్చేటప్పుడు చెయ్యి తగలకుండా, నిప్పు అందించినట్టు కొసలు పట్టుకుని ఇచ్చేది. మనిషి సగమైంది. ఎవరైనా పచ్చ బటన్ నొక్కితే ఆ చిన్న టక్కుమనే చప్పుడుకే భుజాలు ముడుచుకునేది. ఆదివారాలు చర్చిలో వెనక బెంచీలో కూర్చుని, చేతులు పట్టుకునే వేళకి లేచి వెళ్ళిపోయేది.

పెద్దమ్మ మాత్రం రోజూ పొద్దున్నే అదే మాట అనేది. అనేసి పని మొదలుపెట్టేది. ఇంటికొచ్చి విసుక్కునేది.

"నేను అనాల్సింది అంటూనే ఉన్నాను. ఇంకేం కావాలి దానికి? కాళ్ళు పట్టుకోవాలా?"

ఒక సాయంత్రం ఆవిడ నాకు తల దువ్వుతుంటే అప్పటిదాకా కడుపులో దాచుకున్నది చెప్పేశాను.

"పెద్దమ్మా, రేడియో పిన్ని మానేస్తానని చెప్పేసిందట. నెలాఖరుకి వాళ్ళ అన్నయ్య దగ్గరికి వెళ్ళిపోతుందట."

దువ్వెన నా తలలోనే ఆగింది.

"ఏ అన్నయ్య? ఆ వదిన చేతి కిందకా?"

"అంతే అనుకుంటా."

"కిందటిసారి నాలుగు రోజులుండి వచ్చి ఏం చెప్పిందో తెలుసా? మంచినీళ్ళు అడగాలన్నా వదిన మొహం చూసి అడగాలట. చచ్చేదాకా అక్కడుంటుందా?"

"ఇక్కడుంటే నీ ఎదురుగా నిలబడాలి కదా" అన్నాను. మెల్లగానే అన్నాను.

పెద్దమ్మ దువ్వెన తీసి పక్కన పెట్టింది. తర్వాత జడ వేసింది. ఎప్పటికంటే గట్టిగా లాగి వేసింది.

"నేను వెళ్ళనివ్వను" అంది.

ఆ ఆదివారం చర్చిలో చదివిన భాగం అందరికీ తెలిసిందే. శిష్యులు భయపడి గదిలో తలుపులు వేసుకుని ఉండగా, చనిపోయి లేచిన ప్రభువు వాళ్ళ మధ్య నిలబడి, మీకు సమాధానం కలుగు గాక అంటాడు. మేకులు దిగిన తన చేతులూ, ఈటె దిగిన పక్కా చూపిస్తాడు. మళ్ళీ అదే మాట అంటాడు. రేడియో పిన్ని అప్పుడు లోపలే ఉంది. చదవడం అయ్యాక లేచి వెళ్ళిపోయింది.

ఆరాధన అయ్యాక పాస్టరుగారు బెంచీల మధ్య పాటల పుస్తకాలు ఏరుతున్నారు. పెద్దమ్మ వెళ్ళి తనూ ఏరడం మొదలుపెట్టింది. ఊరికే ఏరుతోందని ఆయన అనుకోలేదు.

"ఏమిటమ్మా?"

"ఆయన అదే మాట రెండుసార్లు ఎందుకన్నాడు పాస్టరుగారూ? మొదటిసారి వాళ్ళకి వినపడలేదా?"

"వినపడే ఉంటుంది. నీకేమనిపిస్తోంది?"

"నేను ఒక మనిషికి రోజూ అంటున్నాను. లోపలికి వెళ్ళడం లేదు. ఒక ఇంటికి సమాధానం అని చెబితే, ఆ ఇంట్లో పుచ్చుకునేవాళ్ళు లేకపోతే ఆ మాట అన్నవాళ్ళ దగ్గరికే తిరిగొస్తుందని వాక్యంలో ఉంది కదా. నాకు రోజూ తిరిగొస్తోంది."

పాస్టరుగారు చేతిలో పుస్తకాలు బెంచీ మీద పెట్టారు. ఎవరి గురించో ఆయనకి తెలుసు. పేరెత్తలేదు.

"ఆ గదిలో ఉన్నవాళ్ళు ఎవరో ఆలోచించు. ఆయన్ని పట్టుకున్న రోజు వదిలేసి పారిపోయినవాళ్ళు. బయటివాళ్ళకి భయపడి తలుపులు వేసుకున్నారు. ఆయన లోపలికి వచ్చేసరికి, ఇప్పుడు ఈయన ఏమంటాడో అని కూడా భయం పుట్టి ఉంటుంది. నేనైతే భయపడేవాణ్ణి. ఆయన ముందే శాంతి చెప్పాడు. ఎవరెక్కడికి పారిపోయారని అడగలేదు. కానీ గాయం మాత్రం దాచలేదు. చూపించాడు. చూశాక మళ్ళీ అదే మాట చెప్పాడు. గాయం చూడకముందు విన్న మాటకీ, చూశాక విన్న మాటకీ తేడా ఉంటుందమ్మా. చూడకముందైతే, ఈయనకి అంతా తెలియదేమో, తెలిస్తే ఇలా అనడేమో అన్న అనుమానం మిగిలిపోతుంది."

"దాచి చెబితే?"

"దాచి చెబితే అది మర్యాద. దాని విలువ దానిదే. శాంతి మాత్రం కాదనుకుంటాను."

పెద్దమ్మ దండం పెట్టి వచ్చేసింది. మా మెట్లెక్కుతూ మధ్యలో ఆగి, గోడకి చెయ్యి ఆనించి, నావైపు చూడకుండా చెప్పింది.

"ఆయన చేతుల్లో ఆయన తప్పు లేదు. అందుకని చూపించగలిగాడు. నా చేతిలో నా తప్పు కూడా ఉందే."

నాకు అర్థం కాలేదు.

"ఆ రోజు కమ్మీ కట్టేసింది నేను. మీ పిన్ని ట్రాలీ తీసుకురావడానికి వెళ్ళినప్పుడు కట్టాను. పొద్దున దించి ఉండటం అది చూసింది. ఇంకా దించే ఉందనుకుంది. కట్టానని చెప్పాలి, చెప్పలేదు. పని హడావుడిలో మర్చిపోయాను. తర్వాత మర్చిపోలేదు. తర్వాత చెప్పలేదు."

నేను ఆవిడ గ్లౌజు వైపు చూశాను.

"వేడి తగలకుండా అనుకున్నాను. దానికి బాధ కలగకుండా అనుకున్నాను" అంది పెద్దమ్మ. "ఇక ఏమీ అనుకోను. రేపు చెబుతాను."

మర్నాడు ముందు సూపర్వైజరు అద్దాల గదిలోకి వెళ్ళింది. తలుపు తెరిచే ఉంది. నేను బయట ట్రాలీలో దుప్పట్లు వేస్తున్నాను.

"ఎందుకమ్మా ఇప్పుడు ఆ సంగతి? కమ్మీ కట్టని రోజు ఏదో చెప్పు. మెకానిక్ నాకు అప్పుడే చెప్పాడు. ఎవరు కట్టారని నేను అడగలేదు."

"మీరు అడగలేదు, నేను చెప్పలేదు. మోసేది మాత్రం ఆమె మోస్తోంది. నేను కట్టాను. పైవాళ్ళకి చెప్పండి."

"చెబితే నీ మీదకి వస్తుంది. నా మీదకీ వస్తుంది."

"రానివ్వండి. ఇద్దరం పెద్దవాళ్ళమేగా, ఓర్చుకుందాం."

సూపర్వైజరు పాపం తల గోక్కున్నాడు.

టీ వేళకి కాస్త ముందు రోలరు మీంచి దుప్పటి వచ్చింది. పెద్దమ్మ, రేడియో పిన్ని చెరో వైపు మూలలు పట్టుకుని వెనక్కి నడిచారు. దులిపారు. దగ్గరికి నడిచారు. రేడియో పిన్ని ఎప్పటిలాగే కళ్ళు నేలమీద పెట్టి, కొసలు పట్టుకుని మూలలు అందించింది. పెద్దమ్మ అందుకోలేదు. తన మూలల్ని భుజం మీద వేసుకుని, గ్లౌజు కొసని పళ్ళతో పట్టుకుని లాగేసింది. ఆ చేతిని రేడియో పిన్ని పట్టుకున్న దుప్పటి మీద పెట్టింది.

"చూడు."

రేడియో పిన్ని మొహం తిప్పుకుంది.

"చూడమంటున్నానా. వచ్చిన దగ్గరనుంచీ నీకు గుడ్డ చూపిస్తున్నాను. ఇది చూడు."

రేడియో పిన్ని చూసింది. చూసి, దుప్పటితో సహా నేలమీద కూర్చుండిపోయింది. గుమ్మంలో టీ ట్రే గలగలలాడింది. క్యాంటీనులోంచి కేక వినిపించింది. ట్రే కిందపెట్టిన చప్పుడూ, చెప్పుల చప్పుడూ వినిపించాయి.

పెద్దమ్మకి మోకాళ్ళ నొప్పులు. బల్ల పట్టుకుని మెల్లగా దిగి ఆమె పక్కనే కూర్చుంది. ఎవరో రోలరు ఆపేశారు. ఆవిరి పైపుల చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఆ రోజు కమ్మీ పైకి కట్టేసి ఉంది" అంది పెద్దమ్మ. "నేనే కట్టాను. నువ్వు ట్రాలీ కోసం వెళ్ళినప్పుడు."

రేడియో పిన్ని రోలరు వైపు చూసింది.

"నీకు చెప్పలేదు."

"పొద్దున దించే ఉంది కదక్కా."

"ఉంది. తర్వాత కట్టాను."

"కమ్మీ ఉందనే కదా నేను నొక్కాను. ఉంటే అది తిరగదు కదా. ఎట్లా తిరిగిందా అని... ఎన్నిసార్లు అనుకున్నానో తెలుసా? నా మోచెయ్యి పడితే ఇనుము కూడా ఆగదేమో అనుకున్నాను. అంత పాపిష్టిదాన్నేమో అనుకున్నాను."

"తెలుసు."

"తెలుసా? ఇన్నాళ్ళూ తెలిసే రోజూ పొద్దున్నే సమాధానం, సమాధానం అన్నావా?"

"అవును."

రేడియో పిన్ని అప్పుడు తలెత్తి సూటిగా చూసింది. ఆ చూపులో ఏడుపు లేదు, కోపం ఉంది. నాకు భయం వేసింది. పెద్దమ్మ మాత్రం కదల్లేదు.

"నీకు సిగ్గులేదక్కా" అంది రేడియో పిన్ని.

"ఉంది. అందుకే గ్లౌజు."

"నేను ఊరొదిలి పోతున్నాను నీ మూలంగా."

"పోవు. నా మీద కోపం ఉంటే ఇక్కడుండి పడు. రోజూ తిట్టు. నాకు నీ మీద ఉన్న కోపం కూడా తక్కువేం కాదు. చూసుకోకుండా బటన్ నొక్కావు. అదీ ఉంది, ఇదీ ఉంది. రెండూ ఈ చేతిలోనే ఉన్నాయి. నువ్వు పోయి మీ వదిన మొహం చూస్తూ బతికితే మాత్రం నా వేళ్ళు మొలుస్తాయా?"

పెద్దమ్మ ఆ చేతిని అలాగే ఆమె ముందు ఉంచి, "సమాధానం, చెల్లీ" అంది. రోజూ పొద్దున అనే మాటే. ఈసారి అనేసి దుప్పటి కోసం చూడలేదు. అక్కడే ఆగింది.

రేడియో పిన్ని ఆ చేతిని చూస్తూ ఉండిపోయింది.

"నొప్పి ఉందా?" అంది చివరికి.

"చలికి లాగుతుంది. లేని వేళ్ళు దురద పెడతాయి. గోక్కుందామంటే దొరకవు."

రేడియో పిన్ని ముక్కు ఎగబీల్చింది. "లేని వేలిని ఎట్లా గోకుతారక్కా?"

"అదే కదా చెబుతున్నాను. నీకేమన్నా తెలుసేమోనని."

"నాకెట్లా తెలుస్తుంది? నాకన్నీ ఉన్నాయి" అని, అన్నాక ఏమన్నదో తనకే తట్టి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెద్దమ్మ నవ్వింది. మొదట ఆవిడే నవ్వింది. తర్వాత రేడియో పిన్ని ఏడుపూ నవ్వూ కలిపి ఏదో చప్పుడు చేసి, ఆ చేతిని రెండు చేతులతోనూ పట్టుకుంది. వేళ్ళు ఉండాల్సిన చోట బొటనవేలితో మెల్లగా రాసింది. ఉతికే మెషీను దగ్గరనుంచి ఎవరో "ఇక్కడ దుప్పట్లు గుట్ట పడుతున్నాయి, మిమ్మల్ని కూడా వేసి ఉతకమంటారా?" అని అరిస్తే లేచారు. పెద్దమ్మని లేపడానికి ఇద్దరం పట్టాల్సి వచ్చింది.

మర్నాటికి అంతా సర్దుకోలేదు. రేడియో పిన్ని చాలా రోజులు ముభావంగానే ఉంది. పెద్దమ్మ పొద్దున్నే ఆ మాట అంటే ఒక్కోసారి బదులు చెప్పేది, ఒక్కోసారి "ముందు మూల పట్టుకో" అనేది. పైవాళ్ళు వచ్చి మళ్ళీ అడిగారు. పెద్దమ్మని ఇక రోలరు ముందు నిలబడొద్దన్నారు, మడతబల్ల దగ్గరే ఉండమన్నారు. సూపర్వైజరు చేత కమ్మీని కట్టడానికి వీల్లేకుండా బిగింపించారు. దానికి దుప్పటి తగిలి మెషీను ఆగినప్పుడల్లా అందరూ పెద్దమ్మని తిట్టుకుంటారు. ఆవిడ వింటుంది, ఊరుకుంటుంది.

నెలాఖరు వచ్చింది, పోయింది. రేడియో పిన్ని వెళ్ళలేదు. వెళ్ళనని ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు దుప్పటి దులుపుతూ, "అక్కా, మా పైవాటా ఆయన కొత్త మంచం కొన్నాడు. ఇప్పుడు గురకతోపాటు మంచం కూడా కిర్రుమంటోంది" అంది. ఉతికే మెషీన్ల దగ్గరున్న వాళ్ళు కూడా తిరిగి చూశారు. ఆ ఆదివారం చేతులు పట్టుకునే వేళకి ఆమె లేచి వెళ్ళలేదు. వెనక బెంచీలోంచి మా బెంచీలోకి వచ్చి కూర్చుంది. పెద్దమ్మ గ్లౌజు సంచీలో ఉంది.

క్యాంటీను ఆమె మాత్రం ఆ కథ ఇంకా చెబుతూనే ఉంది. నేను ఎదురు చెప్పలేదు. మాట్లాడటం నాకు అంతగా రాదు. చెప్పినా, పాలు పొంగిన చోటునుంచే మళ్ళీ మొదలుపెడుతుంది.

కొత్తగా వచ్చినవాళ్ళు ఆ కథ విని పెద్దమ్మ గ్లౌజు వైపు దొంగచూపులు చూస్తారు. వేడి దుప్పట్లు పట్టుకునేటప్పుడు ఆవిడ అది ఇప్పటికీ వేసుకుంటుంది. దానికి వేలాడే ఖాళీ వేళ్ళు లేవు. ఆ రెండింటినీ లోపలికి మడిచి, మడతలో ఇరుక్కోకుండా దగ్గరగా కుట్టేసి ఉంటుంది. పెద్దమ్మ గ్లౌజు పీకేసిన ఆ రోజే, పని అయ్యాక, చిరుగులు కుట్టే మెషీను ముందు కూర్చుని కుట్టింది రేడియో పిన్ని. తర్వాత వచ్చిన ప్రతి గ్లౌజూ ఆమే కుడుతోంది.